పెరటి కోళ్లు – పాఠకుల ప్రశ్నలు: ఒక్క పిల్లను అన్నీ కలిసి పొడుస్తుంటే

ఎండలు ముదిరేకొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో కోడిపిల్లలు ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయన్న ఫిర్యాదులు పెరుగుతాయి. ఈ నెల అటువంటి ఉత్తరాలలో నాలుగింటిని ఎంచుకున్నాము. మొదటి ఉత్తరం రాసిన పాఠకురాలు గూటి కొలతలతో సహా అన్నీ వివరంగా రాశారు కనుక, ఆ జవాబు కాస్త పొడవుగానే ఉంటుంది.

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. డాబా మీద ఇనుప వల చుట్టి, పైన రేకులు కప్పి, నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు గల గూడు కట్టించాము. అందులో వనరాజ రకం పిల్లలు 18, మా నాటు పెట్ట పొదిగిన పిల్లలు 4, మొత్తం 22 పెరుగుతున్నాయి. వయసు అటూ ఇటూగా ఏడు వారాలు. మొదట తెచ్చిన సంచి దాణా అయిపోయినప్పటి నుంచి నూకలు, తవుడు కలిపి రెండడుగుల రేకు తొట్టెలో పెడుతున్నాము. పది రోజులుగా ఒక ఎర్ర పుంజుపిల్ల ఒక తెల్ల పిల్లను తోక మొదట్లో పొడుస్తోంది. రక్తం వస్తే పసుపు రాసి, మూడు రోజులు ఇంట్లో అట్టపెట్టెలో ఉంచి, మానినట్లుందని తిరిగి వదిలాను. ఈసారి ఎర్రది ఒక్కటే కాదు, అన్నీ కలిసి దాని మీద పడ్డాయి. పక్కింటివారు అన్నింటికీ ముక్కు కొసలు కత్తిరించమంటున్నారు. మా అత్తగారు ఆ ఎర్రదాన్ని కోసి కూర వండేయమంటున్నారు. నన్నేం చేయమంటారు? – ఒక గృహిణి

జవాబు: మీ అత్తగారి సలహా వల్ల ఒక పూట భోజనం బాగుంటుందేమో గాని, గూటిలో పోట్లాట ఆగదు. ఎర్రది పోయిన వారం తిరగకముందే దాని స్థానంలోకి ఇంకొకటి వస్తుంది. మీరు రాసిన కొలతలు, మేత వివరాలు చూసిన తరువాత నాకు కనిపించినది ఏమిటంటే, ఇక్కడ తప్పు ఎర్ర పిల్లలో కన్నా గూటిలోనూ తొట్టెలోనూ ఎక్కువగా ఉంది.

అయితే ముందుగా మీరు ఒక పని చేయాలి. సాయంత్రం మేత వేసిన తరువాత పావుగంట సేపు గూటికి కాస్త దూరంగా కూర్చుని, పొడిచే తీరును గమనించండి. కోడిపిల్లల పోట్లలో రెండు వేర్వేరు రకాలు ఉంటాయి. మొదటిది పెత్తనం కోసం వేసే పోటు. ఇది ఎదురుగా నిలబడి, మెడ నిక్కించి, తల మీదనో తురాయి మీదనో టక్కున ఒక్కసారి పడుతుంది. పోటు తిన్నది తల వంచి పక్కకు తప్పుకోగానే ఆ తగవు అక్కడితో తీరిపోతుంది. ఆరు నుంచి పది వారాల వయసులో పిల్లలు తమలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది తేల్చుకుంటాయి కనుక ఈ పోట్లు సహజం, అవసరం కూడా. వీటిలో మనం కలగజేసుకోకూడదు. రెండవ రకం చూడటానికి చప్పుడు లేనిది. పొడిచేది వెనుక నుంచి మెల్లగా వచ్చి, ఎదుటిదాని తోక మొదట్లోనో వీపు మీదనో ఒక ఈకను పట్టి, లాగి, చాలాసార్లు దాన్ని మింగేస్తుంది కూడా. ఇందులో కోపం గాని పెత్తనం గాని లేవు. నేల మీద గింజ ఏరుకోవలసిన ముక్కు, ఏరుకోవడానికి ఏమీ లేక, పక్కదాని ఈకల మీద పడింది, అంతే. తోక మొదట్లో పొడుస్తోందన్నారు కనుక మీ గూటిలో జరుగుతున్నది ఈ రెండవ రకమే అయి ఉంటుంది.

ఏడు వారాల వయసులోనే ఇది ఎందుకు ముదురుతుందంటే, అప్పటికి పిల్లలకు పాత ఈకలు రాలి కొత్తవి మొలుస్తుంటాయి. అప్పుడే మొలిచిన ఈక మొదలు రక్తంతో నిండి ఉంటుంది. దాన్ని లాగితే అక్కడ ఎర్రటి చుక్క కనిపిస్తుంది. కోళ్లకు ఎరుపు రంగు బాగా తెలుస్తుంది. తెల్ల ఈకల మీద ఆ చుక్క కొట్టవచ్చినట్లు కనబడుతుంది కనుక మీ తెల్ల పిల్ల అందరికీ లోకువైంది. రక్తం రుచి ఒకసారి తెలిసిన తరువాత, అంతకు ముందు ఎన్నడూ పొడవని పిల్లలు కూడా ఆ చోటినే వెతుక్కుంటూ వస్తాయి. అన్నీ కలిసి మీద పడ్డాయని మీరు రాసింది అదే.

ఇక గూటి సంగతి. మీ గూడు 20 చదరపు అడుగులు. ఎనిమిది వారాలు వచ్చేవరకు పిల్లకొక చదరపు అడుగు, ఆ తరువాత గుడ్డుకు వచ్చేదాకా రెండు చదరపు అడుగులు కావాలన్నది పెంపకందారులందరూ పాటించే లెక్క. ఆ ప్రకారం ఈ రోజుకే మీ గూటిలో రెండు పిల్లలు ఎక్కువగా ఉన్నాయి; వచ్చే వారం నుంచి 22 పిల్లలకు 44 చదరపు అడుగులు కావాలి గనుక, సగానికి సగం చోటు తక్కువవుతుంది. గూటిని పెంచడం కుదరకపోతే డాబా పిట్టగోడకు, గూటికి మధ్యన పాత చేపల వల గాని, కూరగాయల పందిళ్లకు వాడే పచ్చ నీడవల గాని కట్టి, పగలంతా అందులో తిరగనివ్వండి. పైభాగం మాత్రం తెరిచి ఉంచకండి. ఈ వయసు పిల్లను కాకి ఎత్తుకుపోలేకపోయినా గద్ద వదిలిపెట్టదు. అదీ వీలు కాదనుకుంటే సగం పిల్లలను తెలిసినవారికి ఇచ్చివేయడం మంచిది. ఈ మాట చాలామందికి రుచించదని నాకు తెలుసు.

తొట్టె లెక్క ఇంకా ముఖ్యమైనది. ఈ వయసులో పిల్ల తల దూర్చి తినడానికి సుమారు 8 సెంటీమీటర్ల అంచు కావాలి. మీ రెండడుగుల తొట్టెకు రెండు వైపులా కలిపి 120 సెంటీమీటర్ల అంచు ఉంటుంది; అంటే ఒక్కసారి 15 పిల్లలు మాత్రమే తినగలవు, మిగిలిన ఏడూ వెనుక నిలబడి చూడాలి. ఆ ఏడింటిలో తెల్లది తప్పకుండా ఉంటుంది. ఆకలితో వెనుక నిలబడిన పిల్లకు ఎదురుగా కనిపించేది, వంగి తింటున్న పిల్ల తోకే కదా. పైగా తొట్టె ఒక్కటే అయితే, గడుసు పిల్ల ఒకటి దాని పక్కన కాపలా కాస్తే చాలు, మెతకవాటికి మేత అందదు. అందుకని పెద్ద తొట్టె ఒకటి కొనడం కన్నా చిన్నవి రెండు, ఒకదాని దగ్గర నుంచి చూస్తే ఇంకొకటి కనబడకుండా, గూటికి చెరొక మూల పెట్టండి. నీళ్లకూ అంతే.

మేత విషయంలో మీరు చేసిన పొరపాటు మన ఇళ్లలో నూటికి తొంభై మంది చేసేదే. సంచి దాణా ఖరీదు కనుక అది అయిపోగానే నూకలు, తవుడుకు మారతాము. బియ్యపు నూకల్లో మాంసకృత్తులు సుమారు 8 శాతం, తవుడులో 12 శాతం ఉంటాయి. ఎనిమిది వారాల లోపు పిల్లకు మేతలో 20 శాతం దాకా, ఆ తరువాత కనీసం 16 శాతం ఉండాలి. ఈక దాదాపుగా పూర్తిగా మాంసకృత్తులతో తయారయ్యేది. అందులోనూ గంధకం కలిగిన అమైనో ఆమ్లాలు దానికి ఎక్కువగా కావాలి. అవి మేతలో దొరకని పిల్ల పక్కదాని ఈకను పీకి మింగడంలో వింత లేదు. ఉప్పు తక్కువైనా ఇదే అలవాటు వస్తుంది. దాణా కొనగలిగితే కొనడమే మేలు. దొరకని చోట, పది కిలోల మేతకు ఐదు కిలోల నూకలు, కిలో ఎనిమిది వందల గ్రాముల తవుడు, మూడు కిలోల నూనె తీసిన సోయా చెక్క, రెండు వందల గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, ముప్పై గ్రాముల ఉప్పు కలిపితే మాంసకృత్తులు 19 శాతం పైచిలుకు వస్తాయి. ఎనిమిది వారాలు దాటాక చెక్కను రెండు కిలోలకు తగ్గించి, ఆ మేరకు నూకలు, తవుడు పెంచవచ్చు. సోయా అంటే మిల్లులో తయారైన చెక్కే గాని పచ్చి గింజలు కావు. దాని బదులు వేరుశనగ చెక్క వాడదలచుకుంటే బూజు వాసన ఏమాత్రం వచ్చినా పారవేయండి, ఆ బూజు విషం పిల్లల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎండు చేపల పొడి వేసేవారు అందులో ఉన్న ఉప్పును లెక్కలోకి తీసుకుని, విడిగా వేసే ఉప్పు మానుకోవాలి. ఇవి కాక, పాత కుండలో తడి పేడ, చితుకులు, గోనెపట్ట ముక్కలు కుక్కి, రాత్రికి పుట్ట పక్కన బోర్లిస్తే తెల్లవారేసరికి పట్టే చెదలు కూడా మంచి మేతే. డాబా మీద ఉన్న మీకు కుదరదు గాని, పెరడు ఉన్నవారు ఇప్పటికీ చేస్తున్నారు.

రేకుల కింద ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. పిల్లలు నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా వేలాడేసి కూర్చుంటున్నాయంటే వాటికి ఆ వేడి పట్టడం లేదని అర్థం. అటువంటప్పుడు చిరాకు పెరిగి పోట్లు కూడా పెరుగుతాయి. రేకుల మీద తాటాకులో, వరిగడ్డో పరచి తడపండి. గూటికి పడమర వైపు తడిపిన గోనె కట్టండి. గాలి ఆడేటట్లు మిగిలిన వైపులు వదలండి.

ముక్కుకు పని కల్పించడం మరొక మంచి ఉపాయం. నేల మీద రెండు మూడంగుళాల మందాన పొడి వరి ఊక పరచి, రోజూ ఒక గుప్పెడు జొన్నలో, సజ్జలో అందులో చల్లితే, పిల్లలు గంటల తరబడి గీరుకుంటూ వాటినే వెతుక్కుంటాయి. తోటకూర కట్టనో, ములగాకు రెమ్మనో పిల్ల మెడ చాచితే అందే ఎత్తున వేలాడదీయండి. నేల మీద వేస్తే క్షణంలో తొక్కి వదిలేస్తాయి. పొయ్యి బూడిద, ఇసుక కలిపి ఒక పాత బేసిన్‌లో పెడితే పొర్లాడతాయి, పేలూ తగ్గుతాయి. గూటి మధ్యలో ఒక పలకనో, గోనెసంచి తెరనో అడ్డంగా నిలబెట్టండి. తరిమినప్పుడు చాటుకు పోవడానికి చోటుంటే తరిమేది కూడా త్వరగా మరచిపోతుంది. ఆ చాటుకు రెండు వైపులా దారి ఉండాలి సుమా, లేకపోతే అదే బోను అవుతుంది.

ఇప్పుడు తెల్ల పిల్ల సంగతి. దాన్ని ఈ రోజే తీసివేయండి. గాయాన్ని గోరువెచ్చని ఉప్పునీటితో గాని, నీళ్లు కలిపి పలుచన చేసిన అయోడిన్ మందుతో గాని కడిగి, తడి ఆరాక వేపనూనెలో పసుపు కలిపి రాయండి. వేపనూనె చేదు, వాసన వల్ల ఈగలు త్వరగా వాలవు, తోటి పిల్లలు కూడా ఒకసారి పొడిచి వదిలేస్తాయి. కిరసనాయిలు, బండ్లకు వాడిన నూనె వంటివి రాయవద్దు, అవి గాయాన్ని కాల్చివేస్తాయి. గాయం లోతుగా ఉన్నా, పురుగులు కనిపించినా, చర్మం చిరిగి మాంసం కనబడుతున్నా ఇంటి వైద్యం మాని పశువైద్యశాలకు తీసుకువెళ్లండి.

మీరు మూడు రోజులు ఇంట్లో పెట్టెలో దాచారు. జరిగిన రెండవ పొరపాటు అది. కోళ్లలో, కంటికి కనబడకుండా కొన్నాళ్లు పోయి వచ్చిన పిల్ల మళ్లీ కొత్తదానికింద లెక్క. తన వరుస పోగొట్టుకుంటుంది. అందులోనూ ఈకలు ఊడి, నీరసించి వచ్చింది. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అన్న సామెత మనుషుల కోసం పుట్టిందో, కోళ్లను చూసి పుట్టిందో గాని, ఇక్కడ అక్షరాలా నిజం. మన పల్లెల్లో దీనికి చక్కని సాధనం ఎప్పటి నుంచో ఉంది, వెదురు గంప. గాయపడిన పిల్లను గూటిలోనే గంప కింద మూసి, లోపల నీళ్లు, మేత పెట్టండి. గంప అల్లిక సందుల్లోంచి అది మిగిలిన పిల్లలను చూస్తుంది, అవి దాన్ని చూస్తాయి, ముక్కు మాత్రం అందదు. సందులు పెద్దవైతే పైన చిన్న కళ్ల వల చుట్టండి. వీపు మీద, తోక మొదట్లో కొత్త ఈకలు వచ్చి చర్మం పూర్తిగా కప్పుకునేదాకా, అంటే రెండు మూడు వారాలైనా, అలాగే ఉంచాలి. వదిలే ముందు రోజు ఎర్ర పిల్లను తీసి, గూడు కనబడని చోట నాలుగైదు రోజులు వేరుగా పెట్టండి. ఈసారి కొత్తగా వచ్చే పిల్ల అదే అవుతుంది. తన పెత్తనం మళ్లీ మొదటి నుంచి సంపాదించుకోవలసి వస్తుంది. తెల్లదాన్ని చీకటి పడ్డాక, అన్నీ పడుకునే పట్టె మీద కునుకుతున్నప్పుడు, వాటి మధ్య మెల్లగా కూర్చోబెట్టండి. మరుసటి ఉదయం గూటి తలుపు తీసేసరికి మీరు అక్కడ ఉండండి. ఒకటి రెండు పోట్లు పడితే చూస్తూ ఊరుకోండి, రక్తం కనబడితే మాత్రం తిరిగి గంప కిందకే.

ముక్కు కత్తిరించడం గురించి. వేల కోళ్లు పెంచే ఫారాల్లో, పిల్లలకు మొదటి పది రోజుల వయసులోనే, వేడి చేసిన బ్లేడు గల యంత్రంతో, చేయి తిరిగినవారు ముక్కు కొసను తీయిస్తారు. అది చూసి ఇంట్లో గోళ్లు తీసే కత్తెరతో ఏడు వారాల పిల్లకు చేయబోయి, రక్తం ఆగక పిల్లలను పోగొట్టుకున్నవారు నాకు తెలుసు. ముక్కు మన గోరులాంటిది కాదు, లోపల ఎముక, నరాలు ఉంటాయి. తిరుగుతూ పురుగూ పుట్రా ఏరుకు తినవలసిన పెరటి కోడికి ముక్కే చేయి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజను రూపొందించినది పెరట్లో తిరిగి తన తిండిలో కొంత తానే సంపాదించుకునే కోడిగానే గనుక, ముక్కు తీసివేస్తే ఆ ప్రయోజనమే దెబ్బతింటుంది. పక్కింటివారికి ఈ మాట మర్యాదగా చెప్పి తప్పించుకోండి.

ప్రశ్న: కరీంనగర్ దగ్గర మా పొలంలో ఆరు రోజుల రాజశ్రీ రకం పిల్లలు 50 తెచ్చి, అట్టముక్కలు గుండ్రంగా నిలబెట్టి, మధ్యలో 200 వాట్ల బల్బు వేలాడదీశాము. పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. నిన్నటి నుంచి కొన్ని పిల్లలు పక్కవాటి కాలి వేళ్లను పొడుస్తున్నాయి. ఒకదాని వేలు నుంచి రక్తం కారింది. – ఒక యువ రైతు

జవాబు: ఈ వయసులో పెత్తనం మాట ఉండదు, ఆకలి, వేడి, వెలుగు, ఈ మూడింటిలోనే కారణం వెతకాలి. మొదటి వారం బల్బు కింద పిల్లల ఎత్తున 35 డిగ్రీల వేడి ఉంటే చాలు, ఆ తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి. కరీంనగర్ ఎండల్లో పగటి పూట గది వేడే అంతకు మించి ఉంటుంది. అటువంటప్పుడు 200 వాట్ల బల్బు పిల్లలను ఉడకబెట్టడమే అవుతుంది. ఉష్ణమాపకం లేకపోతే పిల్లలే చెబుతాయి. బల్బు కింద కుప్పపడి కిచకిచలాడితే చలి. అట్టల అంచుకు పోయి, నోరు తెరుచుకుని ఉంటే వేడి. అంతటా సమంగా పరుచుకుని తింటూ, పడుకుంటూ ఉంటే సరిగ్గా ఉన్నట్లు. పగలు బల్బు ఆర్పండి, రాత్రి పైకెత్తండి. తెల్లని పెద్ద వెలుగులో చిన్న పిల్లల కాలివేళ్లు తళతళలాడుతూ పురుగుల్లా కనిపిస్తాయి కనుక ఎర్ర రంగు బల్బు వాడితే వేళ్లు, రక్తపు చుక్క రెండూ మరుగుపడతాయి. ఈ మధ్య కొందరు వెలుగు చాలునని ఎల్‌ఈడీ బల్బులు పెడుతున్నారు. వాటి వల్ల పిల్లలకు వెచ్చదనం రాదు.

50 పిల్లలకు మేత పళ్లాలు కనీసం రెండు, నీళ్ల పాత్రలు రెండు ఉండాలి. నున్నటి కాగితం పరచి ఉంటే తీసివేసి ఊక పరవండి. అట్టల వలయాన్ని మూడు రోజులకొకసారి వెడల్పు చేస్తూ పోండి. రక్తం వచ్చిన పిల్లను వేరుగా ఉంచితే నాలుగు రోజుల్లో కోలుకుంటుంది.

ప్రశ్న: మా ఇంట్లో ఆరు నాటు పెట్టలు ఉన్నాయి. సంతలో నాలుగు నెలల వయసు పెట్టలు మూడు, ఒక అసీల్ పుంజు కొని అదే రోజు వాటిలో కలిపాము. నాలుగు రోజులుగా కొత్త పెట్టలు గూటిలోకి పోనేపోవడం లేదు, చింతచెట్టు ఎక్కి పడుకుంటున్నాయి. పుంజు మాత్రం అందరినీ తరుముతోంది. – నిజామాబాద్ జిల్లా పాఠకుడు

జవాబు: సంతలో కొన్న కోడిని అదే రోజు మందలో కలపడం, పోట్లాట సంగతి అటుంచి, రోగాల వల్ల ప్రమాదకరం. కొక్కెర రోగం పట్టిన కోడి మొదటి రోజుల్లో బాగానే తిరుగుతుంది. కొత్తవాటిని కనీసం మూడు వారాలు వేరే గూటిలో, వేరే పాత్రలతో ఉంచి, కొక్కెర టీకా వేయించి, ఆ తరువాతే కలపాలి. ఇప్పటికైనా వేరు చేయండి.

1922లో నార్వే శాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్డరూప్-ఎబ్బె పెరటి కోళ్లలో ఎవరు ఎవరిని పొడవవచ్చునన్నదానికి ఒక స్థిరమైన వరుస ఉంటుందని ప్రచురించారు. ఆయన చిన్నతనం నుంచీ కోళ్లను గమనిస్తూ వచ్చినవాడు. ఆయన చెప్పినది మన పల్లెల్లో గింజలు చల్లే ఏ ముసలమ్మను అడిగినా చెబుతుంది గాని, మనకు పనికివచ్చే సంగతి ఒకటుంది: ఆ వరుస తెలిసిన కోళ్లు రోజూ కొట్టుకోవు, చూపుతోనే సర్దుకుంటాయి. ఒక్క కొత్తది వచ్చినా ఆ వరుస అంతా మళ్లీ తేలాలి. అందుకే కొత్తవాటిని ఒక్కొక్కటిగా కాకుండా కలిపి ప్రవేశపెట్టాలి. ఒక్కటే వస్తే ఆరూ కలిసి దాని మీదే పడతాయి, మూడు వస్తే దెబ్బలు పంచుకుంటాయి. మూడు వారాల తరువాత ఒక వారం పాటు రెండు మందల మధ్య వల మాత్రం అడ్డుగా పెట్టి, వలకు అటూ ఇటూ మేత వేయండి. పక్కపక్కనే తినడం అలవాటయ్యాక ఒక సాయంత్రం పట్టె మీద కలపండి. అప్పటికల్లా గూటిలో తొట్టెలు, గుడ్ల గంపలు అన్నీ రెండేసి ఉంచండి. కలిపే రోజున గూడు సర్ది, పట్టెలు అటూ ఇటూ మార్చితే పాతవాటికి కూడా చోటు కొత్తగా ఉండి పెత్తనం కాస్త తగ్గుతుంది.

అసీల్ పుంజు సంగతి వేరు. ఆ జాతిని తరతరాలుగా పౌరుషం చూసి ఎంపిక చేసి పెంచారు. డేగ, కాకి, నెమలి, పర్ల అని దాని రంగులకు మన భాషలో ఉన్నన్ని పేర్లు మరే పక్షికీ లేవు గాని, దానితో సంసారం చేసే పెట్టల గురించి ఎవరూ పెద్దగా ఆలోచించినట్లు లేదు. నాలుగైదు నెలల నుంచే అసీల్ పుంజులు ఒకదాన్నొకటి ఓర్వవు. అందుకే పెంచేవారు వాటిని విడివిడిగా కట్టివేస్తారు. మీకు గుడ్లు, పిల్లలే కావాలనుకుంటే నెమ్మదైన నాటు పుంజును తెచ్చుకుని, దీన్ని ఇచ్చివేయడం మంచిది. ఉంచుకోదలిస్తే వేరే దడిలో పెట్టి, ఇంకో పుంజు కంటబడకుండా చూడండి. పెట్టలు పదికి తక్కువైతే వాటి వీపుల మీద ఈకలు ఊడిపోవడం ఖాయం. అది పోట్ల వల్ల కాదు, పుంజు ఎక్కడం వల్ల.

ప్రశ్న: మా మూడు నెలల పిల్లల్లో నాలుగింటికి తురాయి మీద, కళ్ల చుట్టూ నల్లటి పెచ్చులు కట్టాయి. ఒకదాన్నొకటి పొడుచుకోవడం వల్లనే అనుకుని వేరు వేరుగా మూసిపెట్టాను. అయినా పెచ్చులు పెరుగుతున్నాయి, ఒకదానికి కన్ను మూసుకుపోయింది. – అనకాపల్లి పాఠకురాలు

జవాబు: వేరు చేసిన తరువాత కూడా పెరుగుతున్నాయంటే అవి పోట్లు కావు. పోటు వల్ల వచ్చిన పెచ్చు గీతలా, ఒక్కచోట ఉండి, వారంలో రాలిపోతుంది. మీరు చెప్పినవి ఈకలు లేని చోట్ల, తురాయి, తమ్మెలు, కనురెప్పల మీద, మొదట తెల్లటి పొక్కుల్లా లేచి, తరువాత పులిపిర్లలా గట్టిపడి నల్లబడి ఉంటాయి. ఇది కోళ్ల మశూచి. పల్లెల్లో అమ్మవారు పోసిందంటారు. దోమలు ఒకదాని నుంచి ఇంకొకదానికి అంటిస్తాయి. ఉన్న గాయాల ద్వారా కూడా సోకుతుంది కనుక పొడుచుకునే మందలో త్వరగా పాకుతుంది.

ఇది వైరస్ వల్ల వచ్చేది కాబట్టి నేరుగా మందు లేదు. పెచ్చులను గిల్లవద్దు, మూడు నాలుగు వారాల్లో అవే రాలతాయి. కళ్లను గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో రోజుకు రెండుసార్లు మెత్తగా తుడిచి, కన్ను మూసుకుపోయినదానికి మేత, నీళ్లు ముక్కుకు ఆనేటట్లు చేతితో అందించండి. చూపులేక, తొట్టె కనబడక ఆకలితో చనిపోయేవే ఎక్కువ. నోరు తెరిచి చూడండి, లోపల పసుపు పచ్చని పొర కనిపిస్తే, గురక వినిపిస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యశాలకు తీసుకువెళ్లండి. లక్షణాలు లేని మిగిలిన పిల్లలకు మశూచి టీకా ఇప్పుడైనా వేయవచ్చునేమో వైద్యుణ్ణి అడగండి. రెక్క సందున చర్మానికి వేస్తారు, వచ్చే విడత పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేయించండి. గూటి చుట్టూ ఉన్న కొబ్బరి చిప్పలు, పగిలిన కుండలు, పాత టైర్లలో నిలిచిన నీళ్లు ఈ రోజే పారబోసి, సాయంత్రం వేళ గూటి పక్కన వేపాకు పొగ వేయండి. కోళ్లు తాగే నీటి పాత్రను కూడా రోజూ బోర్లించి తోమాలి.